గొలుసు

రెండుసార్లు కోసుకుపోయినారు బోరు వైరు.
మొదటిసారి వంద అడుగులు.
రెండోసారి స్టార్టర్ డబ్బాతో సహా,
పోయేముందు గట్టు మింద కూర్చుని
మా చీనీకాయలే నాలుగు ఒలుచుకు తిని
తొక్కలు కుప్పగా పెట్టి పోయినారు.
వైరు పోయినదానికంటే
ఆ కుప్పే నన్ను ఎక్కువ నిద్రపోనియ్యలేదు.

వన్నూరప్ప నాగపూర్ దాటినాక ఫోన్ చేసినాడు,
వెనకాల లారీలు హారన్లు కొడతాండాయి.
"తాడిపత్రిలో ఒకాయన దగ్గర రాట్‌వీలర్ పిల్లలుండాయంట,
నలభై దినాలవి. పద్దెనిమిది వేలు.
పెరిగితే దూడంత అవుతాది. ఆలోచన చెయ్."
ఆలోచన నాకు పెట్టి
ఆయప్ప గేరు మార్చుకున్నాడు.

చేసినా.
దినానికి అర్ధకిలో మాంసం, రెండు గుడ్లు.
మే నెల అనంతపురం ఎండకు
గొడ్లే నీడ వెంబడి చెట్టు మొదలు చుట్టూ తిరుగుతాయి,
ఆ నల్లబొచ్చుదానికి ఎట్ల?
అడ్డదోవన బడికి పోయే పిల్లోళ్ళు
నాలుగు కాయలు జేబులో వేసుకుంటే
చూసీ చూడనట్టు ఉంటా నేను.
అది ఉంటాదా అట్ల?

మార్కెట్టులో మా కాయ తూకమయినాక
ఎవురూ చూడనప్పుడు కాటా మింద నేనే ఎక్కి నిలబడినా.
నలభై ఏడు.
పెరిగితే అది యాభై దాటుతాదంట.

గొర్రెల బీరప్పను అడిగినా.
ఆయప్ప కుక్కకు జాతి లేదు, చెవి ఒకటే ఉంది,
ఇంకోటి తోడేలు తీసుకుంది.
సంకటి ముద్ద మజ్జిగలో పిసికి పెడతాడు దానికి.
"తెచ్చుకో, మంచిదేలేమ్మా" అన్నాడు,
"అది లాగితే నువ్వు నిలబడతావా,
అదొకటి చూసుకో."
నా చేతుల పక్క చూసినాడు.
కొంగు కింద పెట్టుకున్నా.

ఆదివారం తాడిపత్రి పోయినాం, నేనూ చైత్రా.
బండల పాలిష్ ఫ్యాక్టరీ వెనక, రాతిదుమ్ములో
అయిదు పిల్లలు ఒకదాని మింద ఒకటి.
ఒకటి లేసొచ్చి నా చెప్పు వాసన చూసి
దాని మిందే తల పెట్టుకుని నిద్రపోయింది.
పాదాలు మాత్రం దానివి కావు,
ఎవరో పెద్ద కుక్కను అడిగి తెచ్చుకున్నట్టు ఉండాయి.
తల్లిని చూపించమన్నా.
రేకుల గది తలుపు సందులోంచి చూపించినాడు.
అది అరవలేదు.
మెల్లగా లేచి నిలబడింది, అంతే.
చైత్ర నా చెయ్యి పట్టుకోలేదు,
నేనే చైత్ర చెయ్యి పట్టుకున్నా.

అడ్వాన్సు ఇయ్యలేదు.
బస్టాండు పక్క అంగట్లో
గొలుసు మాత్రం కొన్నా, ఆరడుగులది,
చిటికెనవేలంత లావు.
రేకు బోర్డు ఒకటి, ఎర్ర అక్షరాలది:
కుక్క ఉన్నది జాగ్రత్త.

మర్నాడు పాలు పోసే బాబావలి
గేటు బయటే సైకిల్ స్టాండేసి కేకేసినాడు.
"అక్కా, కట్టేసినావా?"
ఏమనాలో తెలీక
"కట్టేసినాలే, రా" అన్నా.
వాడు రాలేదు.
గేటు పైనుంచే చెంబులోకి పాలు వంచినాడు.
మూడేండ్లుగా మా వంటింటి గడప మింద కూర్చుని
టీ తాగి పోయే పిల్లోడు.

కరెంటు రాత్రి మూడు గంటలకిస్తారు.
మోటరు వేయను పోయేటప్పుడు
గొలుసు చేతికి చుట్టుకుని
గచ్చు మింద ఈడ్చుకుంటా పోతా,
ఈ కొస నుంచి ఆ కొసకు,
ఆడాడ ఆగి, ఒకసారి గట్టిగా గుంజి.
యాడో వంకలో నక్క కూత ఆపుతాది.
చెట్ల కింద చీకటి కదలదు.
ఒక్కోతూరి గట్టు దగ్గర
గొంతులో ఏదో గుర్రుమంటాది.
నా గొంతే.

తాడిపత్రాయన మళ్ళా ఫోన్ చేసినాడు.
"నాలుగు పోయినాయమ్మా. ఒకటుంది,
మీ చెప్పు మింద పండుకున్నదే."
"ఈ వారం ఆగన్నా" అన్నా.
పోయిన వారం కూడా అదే అన్నా.

తెల్లారి చూస్తే గొలుసు
నేను ఇడిసిన చోటే వాకిట్లో పడుండాది,
కొక్కెం తెరుచుకుని.
దాని పక్కన స్టీలు గిన్నెలో నీళ్ళు.
ఎవురికే అని అడిగితే
చైత్ర బడికి టైమయిందని పరిగెత్తింది.