పదకొండో మంచం, రాత్రి రెండు

జూన్‌లో మా వార్డు గోడకు
ఒక తెల్లబోర్డు తగిలించారు.
మూడు గీతలు, నాలుగు గళ్లు.
పడిపోయినవాళ్లు. ఒత్తిడి పుండ్లు పడ్డవాళ్లు.
సూది గుచ్చిన చోట చేయి వాచినవాళ్లు.
వేళ తప్పిన మందులు.

నాకు ఒళ్లు మండింది.
నలభై మంచాలకు రాత్రిపూట ఇద్దరం,
కింద పరుచుకున్న చాపలు లెక్కలోకే రావు.
చెయ్యడానికే చేతులు చాలకపోతే
రాయడానికి ఇంకో చెయ్యి ఎక్కడిది?
మొదటి నెల అన్ని గళ్లలో సున్నాలు పెట్టాం,
గుండ్రంగా, అందంగా,
అట్టలో కోడిగుడ్లు పేర్చినట్టు.

సూపరింటెండెంట్ సారు మెచ్చుకున్నాడు.
దీవెనమ్మ సిస్టర్ మెచ్చుకోలేదు.
బోర్డు ముందు చాలాసేపు నిలబడి
"ముప్ఫై ఏండ్ల సర్వీసుల
ఇన్ని సున్నాలు ఒక్కసారి చూళ్లే బిడ్డా.
ఇవి సున్నాలు కావు,
మూసుకున్న కండ్లు" అన్నది.

ఆ వారమే సమ్మయ్య పడ్డాడు.
ఏటూరునాగారం దిక్కు నుంచి జ్వరంతో వచ్చినవాడు,
రాత్రి రెండింటికి బాత్రూంకని లేచి
తడి గచ్చు మీద, వెలగని ట్యూబ్‌లైటు కింద.
నుదుటికి మూడు కుట్లు.
తెల్లారి నా చెయ్యి పట్టుకుని
"నేను పడ్డట్టు ఎవ్వలికి చెప్పకు బిడ్డా,
నిన్నేమన్న అంటరేమో."

రక్తం ఆరని నుదుటితో
నాకొక సాకు ఇచ్చాడు, తీసుకోమని.
తీసుకోబోయాను కూడా.
తర్వాత లేచి, సున్నాను తుడిచి, ఒకటి వేశాను.

డ్యూటీలో ఎవరని ఎవరూ అడగలేదు,
దీవెనమ్మ సిస్టర్ అడగనివ్వలేదు.
ఎన్నింటికి, ఏ మూల,
ఆ వేళప్పుడు గచ్చు తడి ఎందుకుందని అడిగింది.

నెలనెలా అంకెలు పెరిగాయి.
ఆరు. తొమ్మిది. పదకొండు.
సారు ముఖం చిన్నబోయింది.
"ముందు నుంచి ఉన్నయే సార్,
ఇప్పుడు అగుపడుతున్నయి."

పడ్డ ఏడుగురిలో అయిదుగురు
రెండుకూ నాలుగుకూ నడుమ, అదే దోవలో.
గచ్చు కడిగే వేళ మార్చాం.
ట్యూబ్‌లైటుకు మూడు ఉత్తరాలు రాస్తే
నాలుగోదానికి మనిషి వచ్చాడు.
గొప్ప వైద్యమేమీ కాదు.

పదకొండో మంచం మీద వీరమల్లు.
కొత్తవాడలో జంపఖానాలు నేసిన మనిషి,
పక్షవాతానికి కుడివైపంతా మగ్గం దిగిపోయింది.
రెండు గంటలకోసారి తిప్పాలి,
ఎడమకు, వెల్లకిలా, కుడికి.
మడమల కింద దుప్పటి మడత.
తుంటి దగ్గర వేలితో నొక్కి చూడాలి,
ఎరుపు పోతోందా, నిలుస్తోందా.
తిప్పినప్పుడల్లా కాగితం మీద ఒక గీత.

మాట పోయింది గాని
కళ్లు నా పెన్ను వెంటే తిరిగేవి.
ఒక రాత్రి రెండింటి గీత మరిచి
నాలుగింటికి రెండూ కలిపి గీశాను.
ఎడమ చెయ్యి లేపాడు.
దుప్పటి అంచు దగ్గరికి లాక్కుని
పోగులు ఒక్కొక్కటే వేలితో జరుపుకుంటూ పోయి
ఒకచోట ఆగాడు. అక్కడ పోగు తప్పింది.
అది చూపించి, నా కాగితం చూపించి,
నా ముఖంలోకి చూశాడు.
కోపంగా కాదు.
పక్క మగ్గం మీద కూచున్నవాణ్ణి చూసినట్టు.

గీత కొట్టేసి 'తిప్పలేదు' అని రాశాను.

ఇంటికి పోయేనాడు ఆయన వీపు మీద ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడం వెనక
ఎన్ని రాత్రులున్నాయో ఎవరికి చూపించను?
లేని పుండుకు ఫొటో తియ్యలేం.

నిన్న దీవెనమ్మ సిస్టర్
బోర్డు మీద ఇంకో గీత గీసి, పెన్ను నాకిచ్చింది.
పైన ఏమీ రాయలేదు.
నేను రాశాను. మంచాలు నలభై.
చాపలు మూడు.
మేము ఇద్దరం.
సారు చదివి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.
తుడవమని మాత్రం చెప్పలేదు.

రెండు కావస్తోంది.
పదకొండో మంచంలో కొత్త మనిషి,
పేరింకా నోటికి రాలేదు.
భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి.
ఎడమకు.