కోపం లేని ఎరుపు

మిర్యాలగూడల, రైస్ మిల్లుల సందున
సైదమ్మ మెస్సు.
రేకుల కప్పు, నాలుగు బల్లలు,
ఊక గాలి ఎటు కొడితే అటు తిరిగే తలుపు.

బియ్యం ఏరే మిషన్ బిగించనీకి
హంగేరి నుంచి ఒకాయన వచ్చిండు.
పేరు ఇష్ట్వాన్.
సైదమ్మ నోట్ల పడి రెండో దినానికే
ఇష్టమన్న అయిండు.

గోంగూర మటన్ తిన్ననాడు
చెవులు ఎర్రగ చేసుకొని
ఆరు గిలాసల మజ్జిగ తాగిండు.
ఏడోది నేనే పోసిన.
మిల్లు ఎలక్ట్రీషియన్‌ను,
ఎక్కడ షార్టయిందో ఆ మాత్రం తెలుస్తది.

ఆదివారం మిల్లు బందు.
సంచిలకెల్లి ఒక పొట్లం తీసిండు.
"మా ఊరి మిరప" అన్నడు, చేతులతోటి.
సైదమ్మ వేలు అద్ది నాకింది,
ఇంకోపారి నాకింది.
"గిదేం మిరప రా అయ్యా,
ఎరుపుంది, కోపం లేదు."

ఆ పూట పొయ్యి ఆయనది.
కూరెంతో ఉల్లిగడ్డలంత.
కండ్ల నీళ్ళు కారుతనే కోసిండు, తుడుసుకోలె.
గోలిచ్చి, గోలిచ్చి
బెల్లం రంగుకొచ్చినంక
గిన్నె దించి కింద పెట్టిండు.
"నడుమ గట్ల దించుడేంది?"
మంట మీద ఏస్తే పొడి మాడి చేదయితదట.
నాలుక బయటపెట్టి, మొహం చిట్లించి చెప్పిండు.
ముప్పై ఏండ్ల సైదమ్మ గంటె
గాలిల ఆగింది.

తర్వాత మేక మాంసం, నీళ్ళు, ఆలుగడ్డ,
జీలకర్రకు చెల్లె అసొంటి గింజలేవో.

సాగర్ కాల్వ దిక్కునుంచి
మంద తోలుకొస్తున్న బీరయ్య తొంగిచూసిండు.
ఇష్టమన్న లేచి, ఆయన గొంగడి పట్టి చూసి,
గిన్నె చూపిచ్చి,
లేని కర్ర ఎత్తి, లేని గొర్లను అదిలిచ్చిండు.
బీరయ్యకొక్కనికే సమజైంది:
"మందకాడ వండుకునే కూర. మాదే."

జొన్నరొట్టె ముంచుకొని తిన్నం.
బాగుందని ఎవరం అనలె.
బీరయ్య మాత్రం పక్కకు
పచ్చిమిరపకాయ కొరుక్కున్నడు.

ఇప్పుడు మిషన్ నడుస్తుంది,
నల్లగింజను ఊది పారేస్తుంది.
ఆయన పోయి రెండు పంటలైంది.
ఆదివారం ఆదివారం
పలక మీద సుద్దతోటి
'ఇష్టమన్న కూర' అని రాస్తది సైదమ్మ.
ఏ దేశందని లారీ డ్రైవర్లడుగుతరు.
"గొర్లకాడోళ్ళది" అంటది.

పొట్లం ఎప్పుడో అయిపోయింది.
మన కారమే ఏస్తది, ఇంకేం చేస్తది.
గాని ఏసే ముందు
గిన్నె దించి
కింద పెడ్తది.