జింకు ముక్క

పాత పోస్టాఫీసు దగ్గర మా మందుల షాపు.
షట్టరెత్తేసరికి కౌంటరు గాజు మీద
పోర్టు నుంచొచ్చిన నల్లపొడి,
వేలితో గీస్తే పేరు రాయొచ్చు.
అది తుడవడంతోనే నా ఉద్యోగం మొదలు.

మూడేళ్ల కిందట ఓ పొద్దున
గంప గుమ్మం బయటే దించి
మైలపల్లి ఎర్నమ్మ చెంప చూపించింది.
మంగు.
టీ గ్లాసు అడుగు ఆనించి తీసినట్టు, రెండు వైపులా.
"ఏటైనా ఉందేటమ్మా, సవగ్గా?"

ఉంది. మూడో అరలో.
చీటీ అడగలేదు నేను.
హైడ్రోక్వినోన్ నలుపుని కడుగుతుంది,
ట్రెటినాయిన్ పైపొర ఒలుస్తుంది,
ఒలిచిన చోట మంట తెలియకుండా
మొమెటాసోన్ జోకొడుతుంది.
ఆ మూడోది స్టెరాయిడ్.
ఎన్నాళ్లు రాయాలో ట్యూబు వెనక చీమకాళ్లంత అక్షరాల్లో ఉంటుంది.
ఆమె చదవలేదు.
నేను చదవలేదు.
మాట ఒకటే.

మొదటి నెల మంగు తగ్గింది.
ఏం రాశావని హార్బరంతా అడిగిందట.
వాళ్లూ వచ్చారు.
వాళ్లకీ ఇచ్చాను.

ఆ పై ఎండాకాలానికి
ఎర్నమ్మ చెంప ఉల్లిపొర.
లోపల సన్నని ఎర్రనరాలు, చిక్కుపడ్డ వలపోగులు.
వేలంపాటలో ఎండ తగిలితే కారం చల్లినట్టుందంటుంది.
రాయకపోతే మంట,
రాస్తే ఇంకా పలచన.

కేజీహెచ్‌లో డాక్టరమ్మ ట్యూబుని చెత్తబుట్టలో వేసి
కొత్త చీటీ రాసిచ్చింది.
అది పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చింది,
గంప బయటే దించి,
తిట్టకుండా.
తిట్టి ఉంటే బాగుండేది.

ఈసారి పెట్టె విప్పి గట్టిగా చదివాను.
నియాసినమైడ్. తెగిన పొరని అతుకుతుంది,
నెమ్మదిగా, నెలలు పడుతుంది.
జింక్ ఆక్సైడ్. ఎండని లోపలికి రానివ్వదు.

"జింకా?" అంది.
"మా బోటు అడుగున బిగిత్తారమ్మా, ఫ్యాను పక్కన.
ఉప్పునీరు ఇనుము జోలికి రాకండా
ముందల దాన్ని తింటాది.
అరిగిపోతే కొత్తదేత్తారు."

ధర చూసింది.
ఓ గంపెడు కానాగంతల మీద మిగిలేదంతా.
సగం నేను వేస్తానన్నాను.
వద్దంది.
రొంటిన దోపిన సంచీ విప్పి లెక్కపెట్టి ఇచ్చింది,
ఒక నోటుకి పొలుసు అంటుకుని ఉంది.

మూడో అరలో ఇంకా పదకొండు ట్యూబులున్నాయి.
గాజు మీద పొడిలో వేలితో రాశాను:
చీటీ ఉందా?
సాయంత్రానికి పూడిపోయింది.
మళ్లీ రాశాను.