సొంత సిరా

ఉదయగిరి స్టేషన్లో చేరిన రోజే
హెడ్డు కాలేషా జేబులో రెండు పెన్నులు చూశాను.
నీలంది సర్కారుది. నల్లది ఆయన సొంతం.
మనవరాలి బడి చీటీ మీద సంతకానికి
చెయ్యి నీలం దాకా పోయి, ఆగి, నల్లదాన్ని తీసింది.
నేను నవ్వాను. బొట్టు సిరాకి ఇంత లెక్కా సార్?
"బొట్టు దగ్గర నేర్చుకుంటేనే బిడ్డా
బిందె దగ్గర చెయ్యి ఆగేది."

వాళ్ళ నాయన ఈ కొండ కింద చెక్క గరిటెలు చెక్కేవాడట.
నర్ది కొయ్యను అరచేత్తో తడిమి
నార ఎటు పోతుందో తెలిసేదాకా
ఉలి పెట్టేవాడు కాదట.
స్టేషను మెట్లెక్కిన ప్రతి మనిషినీ
కాలేషా అట్టానే తడిమేవాడు, చూపుతో.
"ముందు నీళ్ళియ్యి, తర్వాత పేరడుగు.
బిడ్డ తప్పిపోయిన తల్లిని
వయసెంతని అడగబాక, పొద్దున ఏం తిన్నాడో అడుగు.
చొక్కా రంగు దానంతట అదే వస్తది."
వచ్చింది.
సద్దన్నం, మామిడికాయ బద్ద,
పసుపు చొక్కా, మోచేతి దగ్గర చిరుగు.
సీతారామపురం బస్సులో దొరికాడు వాడు
ఇంజను మూత మీద నిద్రపోతూ.

ఒక రాత్రి, గొర్రెల తగాదాలో తాగొచ్చినోడు
నిండు స్టేషన్లో ఆయన చెంప పగలగొట్టాడు.
టోపీ దొర్లి దొర్లి రికార్డు గది గడప దగ్గర ఆగింది.
నా లాఠీ లేచింది.
కాలేషా కూర్చున్నాడు. కుర్చీలో కాదు, నేల మీద.
కాసేపటికి లేచి, తొట్టి దగ్గర
చేతులు, ముఖం, మోచేతుల దాకా కడుక్కుని వచ్చి
"నీయి ఎన్ని గొర్రెలు?" అని అడిగాడు.
చేవలేదనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా.
"నిలబడితే కొడతాను. తెలుసు గనకే కూర్చున్నా."

మా కొలువులో తెలిసింది దాచుకోవడం ఒక ఆస్తి.
ఏ దొంగ ఏ చేత్తో తాళం తిప్పుతాడో
నాలుక కింద పెట్టుకుని
రిటైరైపోయిన వాళ్ళని చూశాను.
ఈయనది మాత్రం ఒక లాంగు నోటుబుక్కు,
సెంట్రీ బల్ల మీద, సొరుగు కూడా లేకుండా.
ఏ వాగు ఎన్ని గంటల వానకు దారి మూస్తుందో,
దుర్గమెక్కి దారి తప్పినోళ్ళు ఎటు దిగుతారో,
ఏ ఊళ్ళో ఎవరి మాటకు కత్తి కింద పడుతుందో,
పంచనామాలో 'సుమారు' ఎక్కడ రాస్తే కేసు పోతుందో.
"ఇదంతా ఇచ్చేస్తే మీకేం మిగులుద్ది?"
అన్నాడు రైటరు మాల్యాద్రి.
కాలేషా టీ పిల్లోడికి చిల్లర లెక్కపెడుతున్నాడు,
వాడి చెమట ఆరేలోపు ఇవ్వాలి ఆయనకు.
జవాబు చెప్పలేదు.

నోటుబుక్కు మొదటి పేజీ నేను ఆఖర్న చదివాను.
నల్ల సిరా.
"తొంభై ఎనిమిది, ఆగస్టు. సైకిలు దొంగతనం.
గండిపాలెం కుర్రాడు. కొట్టాను. వాడు కాదు.
ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు.
కోపంతో కొట్టలేదు, తొందరగా ఇంటికి పోవాలని కొట్టాను."
కింద ఇంకో వరుస, వేరే రోజు రాసినట్టుంది:
"క్షమించానన్నాడు. నాకే సరిగా వినపడలేదు."

పోయిన నెల రిటైరయ్యాడు.
నీలం పెన్ను ఒప్పజెప్పి రసీదు అడిగితే
మాల్యాద్రి నవ్వబోయి, నవ్వలేక, రాసిచ్చాడు.

ఇవాళ వింజమూరు నుంచి కొత్త పిల్ల వచ్చింది డ్యూటీకి.
బూట్లు ఇంకా కరుస్తున్నాయి ఆమెను.
నోటుబుక్కు ఇదేనా మేడం, అంది.
రెండో పేజీ ఖాళీ.
ఎవరికోసం వదిలాడో నాకు తెలుసు.
నిరుడు కొండాపురం రోడ్డు మీద లారీ గుద్దిన రాత్రి
ఫోన్లో "మీ ఆయన బాడీ" అన్నాను నేను,
'మీ ఆయన' దగ్గర ఊపిరి కూడా ఆపకుండా.
అవతల గిన్నె పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.
అది రాయాలి.

జేబు తడుముకున్నాను. స్టేషను పెన్ను ఒక్కటే.
ఆ పిల్లకు నీళ్ళిచ్చి, కాసేపు కూర్చోమని
బస్టాండు కొట్టుకు బయల్దేరాను
పెన్ను కొనడానికి.