పోయినేటి ఆఖరి ర్యాంకు

ఎంజీఎం ఎదురుంగ నా జిరాక్సు డబ్బా.
ఫలితాలొచ్చిన నాటి సంది
పోయినేటి ఆఖరి ర్యాంకుల కాయితం
పది రూపాయలకొకటి.

కొత్తవాడ నీలవేణి
కౌంటరు మీదనే పరిచి స్కేలు పెట్టింది.
కేఎంసీ. బీసీ-బి. లోకల్. ఆడపిల్లలు.
దిగుకుంట దిగుకుంట వచ్చిన స్కేలు
ఆమె ర్యాంకుకు నలభై ఒక్క మెట్ల పైన్నే
ఆగిపోయింది.

"అన్నా, ఈసారి పేపరు కష్టమొచ్చింది గద,
గీత కిందికి జరుగుతదా?"

జరిగేది మార్కులే, ర్యాంకులు గావు
అననీకి నోరు రాలే.

ఏళ్ల మీద లెక్క వెట్టింది:
ఉస్మానియాకు కొందరు, గాంధీకి కొందరు,
బీబీనగర్‌కు ఇద్దరు ముగ్గురు,
ఒకామెకు డెంటలే ఇష్టమైతే,
ఒకామె కులం సర్టిఫికెట్ మరిచొస్తే...
గా మాట కాడ నాలిక కరుసుకుంది.
"వద్దు. ఆమెకు ఇంకా మంచి సీటే రావాలె."

ముక్కూమొగం తెల్వని నలభై ఒక్కమంది
బాగుపడాలని
గింత గట్టిగ కోరుకునేటోళ్లను
భద్రకాళి గుడి లైన్ల గూడ నేను చూడలే.

కౌంటరు అద్దం కింద ఇంకో కాయితమున్నది,
పసుపు వడ్డది, నేను పరీక్ష రాసిన ఏటిది.
ఆఖరి అంకె పక్కన
పెన్సిల్‌తోని "రెండు" అని ఉంటది.
ఏం రెండని ఆమె అడగలే.

అంబులెన్సు కూసుకుంట గేట్ల వడ్డది.
నీలవేణి కాయితాన్ని నాలుగు మడతలేసి
ఆటో ఎక్కింది.
స్కేలు మర్చింది.

వస్తది తియ్,
రెండో రౌండుకు.