తోడుకోని పాలు

అల్ ఐన్‌లో నాకు మొదట దొరికిన తోడు
ఒక స్టీలు గరిటెడు.
మూడో అంతస్తు షిజి ఇచ్చింది.
ఆమెకు సలాలా వెళ్ళిపోయిన మరాఠీ నర్సు ఇచ్చిందట,
ఆ నర్సుకెవరిచ్చారో ఎవరికీ తెలీదు.
వీసా అడక్కుండా ఆ పెరుగు
ఎన్ని వంటిళ్ళు దాటి వచ్చిందో.

ఇప్పుడు నా తోడు రేకు పొట్లంలో వస్తుంది.
లాటిన్‌లో రెండు పేర్లు, ఒక గడువు తేదీ.
మైనస్ ఎనభైలో పడుకుని ఉంటుంది,
నిద్ర లేపాలంటే చేతులకు తొడుగులుండాలి.

పగలు డెయిరీలో క్వాలిటీ గుమాస్తాను.
సాయంత్రం అయిదు దాటితే
ఆహార శాస్త్రం, నవకల్పన, ఎమ్మెస్సీ రెండో ఏడు.
ముప్పై ఏడేళ్ళకి
బస్సు పాసు మీద 'విద్యార్థిని' అని చదువుకుని
వెనక సీట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నా థీసిస్ అంతా ఒక్క ప్రశ్న:
ఒంటె పాలు గట్టి పెరుగవుతాయా?

కాలేదు.
పద్నాలుగు సార్లు కాలేదు.
ఆవుపాలలో ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే కాపా కేసీన్
ఇందులో చిటికెడే.
నలభై రెండు డిగ్రీలన్నారు, పెట్టాను.
కాల్షియం వేశాను, జిలాటిన్ వేశాను,
రాత్రి రెండింటికి ఇంక్యుబేటర్ తలుపు తీసి బీకరు వంచితే
జారిపోయింది.
మీటరు మాత్రం నాలుగు పాయింట్ ఆరు అని
పెరుగు చేసినంత ధీమాగా చెబుతోంది.
కిటికీలో జబల్ హఫీత్,
కంప్యూటర్ తెర మీద
ఏ కొండనూ ఎరగని గీత.

"మా జద్ద అయితే తోడుకునేదాకా ఆగేదే కాదు"
అంది మౌజా, అబాయా మీద ల్యాబు కోటు గుండీలు పెట్టుకుంటూ.
నేను వినిపించుకోలేదు. రీడింగు రాసుకుంటున్నాను.

పాలు తెచ్చేది ఓబులేసు, రాయచోటి దగ్గరి వాడు.
తెల్లారి అయిదింటికి పికప్పు, వెనక ఐసుపెట్టె.
"యాలక్కా నీకీ పని.
పదకొండేండ్లాయ ఈట్లతోనే ఉండా.
ఒగనాడన్నా తోడుకున్యాయా?"
అందుకే కదా పరిశోధన, అన్నాను.
"తోడుకోవని తెల్సినాక ఇంగేం పరిశోధన?"
నలభై పేజీల సాహిత్య సమీక్షలో
దీనికి జవాబు వెతికాను.

ఫిబ్రవరిలో రుచి పరీక్ష.
అరవై మంది. తెల్లటి గూళ్ళు, రంగు తెలియకుండా ఎర్ర దీపాలు.
నా కప్పు పేరు నాలుగువందల పదిహేడు.
'చాలా చాలా ఇష్టం' నుంచి 'చాలా చాలా అయిష్టం' దాకా
తొమ్మిది గడులు.
ఎక్కువ మంది అయిదో గడిలో టిక్కు పెట్టి
చాక్లెట్ తీసుకుని వెళ్ళిపోయారు.

ఓబులేసుకి గేటు లోపలికి కార్డు లేదు.
మిగిలిన కప్పూ ఒక ఫారమూ పట్టుకుని నేనే బయటికెళ్ళాను.

ఒక గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు.
"పెరుగైతే గాదు."
కాసేపటికి, "ఉప్పుందా?" అని తనే అడిగి
తనే బండిలోంచి మందుసీసాలో దాచిన ఉప్పు తీశాడు,
మూడు రోజుల కింది పచ్చిమిరపకాయ గోటితో తుంచాడు.
తాగాడు. ఇంకో కప్పు అడగలేదు.
ఖాళీ కప్పులో కాసిని నీళ్ళు పోసి
గిరగిరా తిప్పి
అవీ తాగేశాడు.

ఫారం చదివి వినిపించాను. తొమ్మిది గడులూ.
ఎక్కడ టిక్కు పెట్టమంటావు?
"తాగినా గదక్కా" అన్నాడు.

ఆ రాత్రి థీసిస్ పేరులో 'గట్టి' కొట్టేశాను.
ఆ చోట ఏం రాయాలో తోచక
ఖాళీగానే దాచి, మూసి, వచ్చి పడుకోబోతూ
ఫ్రిజ్ తెరిచి
షిజి వంశపు పెరుగులోంచి ఒక గరిటెడు
చిన్న డబ్బాలోకి తీసిపెట్టాను.
నాలుగో అంతస్తులో కొత్తగా ఎవరో దిగారు.
లిఫ్టులో పరుపుచుట్ట చూశాను,
దాని మీద ఇంకా విప్పని పాలగిన్నె.