పదకొండో అంశం

పాలక మండలికి కుర్చీలు వేసేది మస్తాన్,
మాటలు వేసేది నేను.
లోపల ఎవరేమన్నా
చివరికి నా మినిట్స్‌లో ఉన్నదే అన్నట్టు.

ఆ ఎండాకాలం ముత్తుకూరు నించి చెంగయ్య
రొయ్యల గుంట నీళ్లు సీసాలో పట్టుకొచ్చినాడు.
"తెల్లారేసరికి తేలిపోతన్నాయి మేడం,
ఈ నీళ్లు ఏమంటున్నాయో చెప్పండి."
హైమావతి మేడం సీసా చూసింది,
ఒండ్రు ఎండిన ఆయన కాళ్లు చూసింది,
ఆర్నెల్ల కోర్సొకటి రాసింది:
నీళ్లు చదవడం. పరీక్ష గుంటగట్టు మీదే.

కాయితం బయల్దేరింది.
బోర్డ్ ఆఫ్ స్టడీస్ "నీళ్లు" కొట్టేసి
"జలావరణం" అని రాసింది.
అకడమిక్ కౌన్సిల్ క్రెడిట్లెన్నంది.
గట్టుదాకా ఆటోచార్జీ ఎవరిస్తారని
ఫైనాన్స్ కమిటీ రెండు పూటలు ఆలోచించింది.
ఈలోగా వీసీ గారి గడువు తీరింది.
ఇన్‌చార్జిగా వచ్చినాయన
పాత ఫైళ్లు తనవి కావన్నాడు,
కొత్తవి తనదాకా రానీలేదు.
ఉప్పుగాలికి గుండుసూది తుప్పుపట్టి
మొదటి పేజీలో ఒక చిన్న సూర్యుడు మిగిలాడు.
మేడం బల్లమీద సీసా మాత్రం
ఏ కమిటీనీ అడక్కుండా పచ్చబడింది.

పదకొండో అంశం వచ్చేసరికి ఒంటిగంటన్నర.
క్యాంటీన్ నించి పులుసు వాసన వరండా దాటింది.
"సూత్రప్రాయంగా ఆమోదిద్దాం" అన్నారెవరో.
ఇరవై రెండేళ్లుగా రాస్తన్నా ఆ మాట,
దానర్థం నాకు తెలుసు:
రమ్మని పిలిచి తలుపేసుకోవడం.

సాయంత్రం టైపు చేస్తావుంటే
కరెంటు పోయి వచ్చింది.
చూస్తే వాక్యంలో ఆ మాట లేదు.
కంప్యూటర్ మింగిందో, నా వేలే మింగిందో
ఎవరూ నన్నడగలేదు,
నేనూ నన్నడగలేదు.
"ఆమోదించడమైనది."
చుక్క పెట్టి ఇంటికి పోయినా.

మూడునెలలకి మళ్లీ సమావేశం.
ఒకటో అంశం, గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ.
పేజీ తిప్పే చప్పుడు కోసం
గోడకానుకొని చెవులప్పగించినా.
బిస్కెట్ విరిగిన చప్పుడు.
"కన్‌ఫర్మ్డ్. రెండోది చెప్పండి."

జూలైలో పద్నాలుగు మంది పిలకాయలు
సంచుల్లో సీసాలు గలగలలాడించుకుంటా బస్సు దిగినారు.
వాళ్లెనక చెంగయ్య.
తల కొంచెం నెరిసింది.
"నా సీసా సంగతేందమ్మా?"
నేను మేడం గదివైపు చూసినా.
గుంట అమ్మేసి రెండేళ్లయిందంట.
"అయినా,
ఏం జరిగిందో తెలవాల గదా."